బకెట్ నీళ్లు, పైపు ముక్క, ఫోను: గాలిలో శబ్దం వేగాన్ని ఇంట్లోనే కొలవడం ఎలా?

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో అనునాద స్తంభం ప్రయోగం (గొట్టంలోని గాలి ఏ పొడవు దగ్గర బయటి శబ్దంతో కలిసి గట్టిగా పలుకుతుందో చూసేది) చేసినవాళ్లలో చాలామందికి రికార్డులో రాసిన జవాబు ఒక్కటే గుర్తుంటుంది. సెకనుకు 340 మీటర్లు రావాలని ముందే తెలుసు కాబట్టి, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుని రీడింగులు నింపేయడం మన కాలేజీల్లో పాత అలవాటే. ఉన్నది ఒక్క సెట్టు, చుట్టూ గుంపు. శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) కొట్టేవాళ్లుంటారు గానీ వినేవాళ్లుండరు.

ఇంత తక్కువ సామానుతో ఇన్ని సంగతులు చెప్పే ప్రయోగం ఇంకోటి దొరకడం కష్టం. ఒక పైపు ముక్క, బకెట్ నీళ్లు, ఫోను ఉంటే గాలిలో శబ్దం వేగాన్ని ఒక శాతం తేడాతో పట్టుకోవచ్చు. వచ్చిన అంకెను ఇంకొంచెం నలిపితే గాలి అణువు ఎలాంటిదో కూడా తెలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఓ రెండు గంటలు పెట్టుకోండి. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, పైపు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి ఎలాగూ.

ముందు బకెట్ లోతు చూసుకోండి

పైపు కొనే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది మీటరు పొడవు పైపు తెచ్చేసుకుని, అది బకెట్లో సగం కూడా మునగడం లేదని అప్పుడు తల పట్టుకుంటారు.

మామూలు 20 లీటర్ల బకెట్ లోతు 35 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దానికి 40 సెంటీమీటర్ల పైపు ముక్క సరిపోతుంది. 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తీసుకోండి, లోపలి వ్యాసం మూడున్నర సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ప్లంబింగ్ సామాన్లు అమ్మే షాపులో కోసిన ముక్కలు పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తారు. రెండు కొనలూ తెరిచే ఉండాలి. కోసిన అంచు అడ్డదిడ్డంగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది సమం చేయండి, మీరు కొలిచేది ఆ అంచు నుంచే. ఇదే పైపులోంచి 15 సెంటీమీటర్ల ముక్క ఇంకోటి, దానికి సరిపోయే ఎండ్ క్యాప్ ఒకటి కూడా తెచ్చుకోండి, చివర్లో పని పడుతుంది.

ఇంట్లో నీళ్లు పట్టుకునే పెద్ద డ్రమ్ము ఉంటే మీ అదృష్టం. అప్పుడు మీటరు పైపే వాడండి, కాలేజీ ల్యాబులో లాగా 512 హెర్ట్జ్ (సెకనుకు 512 ఊపులు) శబ్దంతో చేసుకోవచ్చు. బకెట్ వాళ్లకు మాత్రం 800 హెర్ట్జ్ అనువైనది. ఎందుకంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కావాల్సిన గాలి పొడవు తగ్గుతుంది. అలాగని మరీ పైకి, 2000 దాకా వెళ్తే పొడవులు వేళ్ల మందంలోకి వచ్చేస్తాయి, కొలతలో మిల్లీమీటరు తప్పినా జవాబు ఎక్కడికో పోతుంది.

ఫోనులో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా వేసుకోండి. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇస్తున్న ఫైఫాక్స్ యాప్‌లో టోన్ జనరేటరూ ఉంది, శబ్దాన్ని కొలిచే పరికరాలూ ఉన్నాయి. శబ్దం ఆకారం ఎంచుకోమంటే సైన్ తరంగం పెట్టండి. ఇవి కాక ఒక స్టీలు స్కేలు, చెరగని మార్కర్, గది ఉష్ణోగ్రత చూడటానికి థర్మామీటరు. జ్వరం చూసుకునేది పనికిరాదు, గోడకు తగిలించుకునేది కావాలి. అది లేకపోతే ఫోనులో కనిపించే ఊరి ఉష్ణోగ్రత కొంతవరకు పనికొస్తుంది గానీ డాబా ఇంటి లోపల రెండు మూడు డిగ్రీల తేడా మామూలే.

ఎక్కడ చేయాలి

నీళ్లున్నాయి కదా అని బాత్రూములో మొదలుపెట్టకండి. టైల్స్ గోడల మధ్య ఏ శబ్దమైనా అటూఇటూ తగిలి గదంతా తన సొంత అనునాదాలు నింపేస్తుంది. తల కాస్త కదిపితే చాలు, శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. అది పైపు పనో, గది పనో తెలియదు. వరండా కానీ, మేడ మీద గానీ మంచిది. ఫ్యాను ఆపేయండి.

పని మొదలు

1. పైపు పై అంచును సున్నాగా పెట్టుకుని, కిందికి ప్రతి సెంటీమీటరుకూ మార్కర్‌తో గీత గీయండి. కాగితం టేపు అంటిస్తే రెండు నిమిషాల్లో నాని ఊడిపోతుంది.

2. బకెట్‌ను అంచుకు రెండు వేళ్ల కిందిదాకా నింపండి. పైపును నిలువుగా, అడుగుకు దాదాపు తగిలేదాకా ముంచండి. రెండు కొనలూ తెరిచి ఉన్నాయి కాబట్టి పైపు లోపల, బయట నీటి మట్టం ఒకటే. అంటే బయట కనిపించే పైపు పొడవే లోపలి గాలి స్తంభం పొడవు. ఈ ప్రయోగంలోని తెలివంతా ఇక్కడే ఉంది, గాలి స్తంభం పొడవును నీళ్లే మార్చిపెడుతున్నాయి.

3. ఫోనులో 800 హెర్ట్జ్ పెట్టి, వాల్యూమ్ సగానికి తగ్గించండి. ఎక్కువ పెడితే ఫోను నుంచి నేరుగా వచ్చే శబ్దమే చెవి నిండా ఉండి, పైపు కలిపే శబ్దం తెలియదు. స్పీకరు ఉన్న అంచును పైపు నోటికి సెంటీమీటరున్నర ఎత్తులో పట్టుకోండి. నోటిని మూసేయకూడదు. ఫోను వెడల్పుతో కప్పేస్తే పైపు తెరిచిన కొన కాస్తా సగం మూసిన కొన అవుతుంది, లెక్క మారిపోతుంది.

4. ఇప్పుడు పైపును, దాంతోపాటే ఫోనును, నెమ్మదిగా పైకి లేపండి. నెమ్మదిగా అంటే సెకనుకు సెంటీమీటరు కన్నా తక్కువ. 10 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి శబ్దం ఉబ్బినట్టు పెరుగుతుంది, దాటగానే తగ్గిపోతుంది. మొదటిసారి విన్నవాళ్లు ఫోను వాల్యూమ్ ఎవరో పెంచారనుకుంటారు.

5. ఆ చోటును ఒక్కసారికే ఖాయం చేసుకోకండి. కింది నుంచి పైకి వస్తూ ఒకసారి, పై నుంచి కిందికి దించుతూ ఒకసారి గుర్తు పెట్టండి. చెవి కాస్త ఆలస్యంగా ఒప్పుకుంటుంది కాబట్టి రెండు గుర్తులూ ఒకచోట పడవు. వాటి సగటే మొదటి పొడవు.

6. ఇంకా పైకి లేపుతూ పోండి. చాలాసేపు ఏమీ ఉండదు. 31, 32 సెంటీమీటర్ల మధ్య మళ్లీ ఉబ్బుతుంది, ఈసారి కొంచెం మెత్తగా. అదే రెండో పొడవు. దాన్నీ రెండు వైపుల నుంచీ పట్టుకోండి.

పైపును ఎత్తేకొద్దీ బకెట్లో నీటి మట్టం కొద్దిగా దిగుతుంది. కంగారు అక్కర్లేదు, మీరు ఎప్పుడూ పైపు అంచు నుంచి ఆ క్షణాన ఉన్న నీటి మట్టం దాకానే కొలుస్తారు. పైపు పక్కకు వాలకుండా చూసుకోండి, వాలితే లోపల పొడవు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అవుతుంది. చెవిమీద నమ్మకం లేకపోతే రెండో ఫోనులో శబ్దం కొలిచే యాప్ తెరిచి దాని మైకును పైపు నోటి పక్కన పెట్టి, అంకె ఎక్కడ గరిష్ఠమవుతుందో చూడండి. నా ఓటు మాత్రం ముందు చెవికే. ఒకసారి చెవితో పట్టుకున్నాక యంత్రంతో సరిచూసుకోవడం వేరు, ముందే యంత్రం చూపింది రాసుకోవడం వేరు.

లెక్క

వేగం = 2 × ఫ్రీక్వెన్సీ × (రెండో పొడవు – మొదటి పొడవు)

గాలి 30 డిగ్రీలున్న రోజున, 3.6 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపుతో 800 హెర్ట్జ్‌కు మొదటి పొడవు 9.8, రెండోది 31.6 సెంటీమీటర్ల దగ్గర రావాలి. తేడా 21.8. రెండు, ఎనిమిది వందలు, 0.218 మీటర్లు, మూడింటినీ గుణిస్తే సెకనుకు 348.8 మీటర్లు. 30 డిగ్రీల దగ్గర పుస్తకాల్లో ఉండే విలువ 349.

రికార్డుల్లో అందరూ రాసే 340 ఎక్కడిదంటే, అది దాదాపు 15 డిగ్రీల చలి గాలిది. మన దగ్గర ఏప్రిల్లో చేసిన ప్రయోగానికి సరిగ్గా 340 వచ్చిందంటే ఎగ్జామినర్ అనుమానించాలి.

ఒక్క మిల్లీమీటరు తేడా పడితే జవాబు సెకనుకు 1.6 మీటర్లు కదులుతుంది. కాబట్టి 345కీ 353కీ మధ్య వస్తే మీ చెయ్యి బాగానే పనిచేసినట్టు. దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలు రాయకండి, స్కేలు అంత చెప్పలేదు.

ఇక రెండు పొడవులు ఎందుకు, ఒకటి చాలదా? మొదటి పొడవు ఒక్కదాన్నే నాలుగుతో, ఫ్రీక్వెన్సీతో గుణించి చూడండి: 4 × 800 × 0.098, సుమారు 314. పది శాతం తక్కువ. తప్పు మీది కాదు. ఊగే గాలి పైపు అంచు దగ్గర ఠక్కున ఆగిపోదు, అంచు దాటి కొంచెం బయట కూడా ఊగుతుంది. పైపు తనకున్నదానికంటే పొడవుగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇదే ఎండ్ కరెక్షన్. పైపు వ్యాసంలో 0.3 వంతు అని వైవాల్లో చెప్పేది దీన్నే. మన పైపుకు 1.1 సెంటీమీటర్లు. రెండు పొడవుల్లోనూ అదే అదనం ఉంటుంది కాబట్టి తీసివేతలో ఎగిరిపోతుంది. కావాలంటే మీ రీడింగుల నుంచే రాబట్టండి: రెండో పొడవులోంచి మొదటిదానికి మూడు రెట్లు తీసేసి, రెండుతో భాగించండి. 31.6 లోంచి 29.4 తీస్తే 2.2, సగం 1.1. ఈ అంకె సున్నాగానో, మూడుగానో వస్తే రెండు పొడవుల్లో ఒకటి సరిగా పట్టుకోలేదన్నమాట. మళ్లీ బకెట్ దగ్గరికి.

పైపు లోపల ఏం జరుగుతోంది

స్పీకరు ఒకసారి ముందుకు తోస్తే గాలిలో చిన్న ఒత్తిడి పుడుతుంది. అది పైపులోకి దిగి నీటికి తగులుతుంది. నీరు కదలదు, కాబట్టి ఒత్తిడి ఒత్తిడిగానే తిరిగొస్తుంది. పైకొచ్చి తెరిచిన నోటి దగ్గర ఒక్కసారిగా వదులైపోతుంది. అక్కడ నొక్కుడు పోయి వెలితి పుడుతుంది, ఆ వెలితి మళ్లీ కిందికి దిగుతుంది, నీటికి తగిలి వెలితిగానే పైకొస్తుంది, నోటి దగ్గర తిరగబడి మళ్లీ ఒత్తిడి అవుతుంది. మొత్తం నాలుగు ప్రయాణాలు. ఈ నాలుగూ అయ్యేసరికి స్పీకరు సరిగ్గా ఇంకోసారి ముందుకు తోస్తుంటే, కొత్త తోపు పాతదానికి కలుస్తుంది. 800 హెర్ట్జ్ అంటే తోపుకు తోపుకు మధ్య 1.25 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం 43.6 సెంటీమీటర్లు పోతుంది. నాలుగో వంతు 10.9. అందులో 1.1 ఎండ్ కరెక్షన్, మిగతా 9.8 మీరు కొలిచింది.

రెండో చోటు, ఎండ్ కరెక్షన్ కలిపి చూస్తే, ఆ 10.9కి మూడు రెట్లు. అక్కడ పైపు మధ్యలో ఒకచోట గాలి కదలకుండా ఉండిపోతుంది, దాన్నే పుస్తకాలు అస్పందన స్థానం అంటాయి.

కుళాయి కింద బిందె పెట్టి వేరే పనిలో ఉన్నా, నిండబోతోందని చప్పుడును బట్టే తెలిసిపోతుంది కదా. నీళ్లు పైకొచ్చేకొద్దీ పైన మిగిలే గాలి తగ్గి స్వరం పెరుగుతూ పోతుంది. బిందె ఆకారం వేరు కాబట్టి లెక్క ఇదే కాదు గానీ, పని చేసేది అదే గాలి.

ఇంతా చేసి గాలి ఎంత కదులుతోందంటే నమ్మబుద్ధి కాదు. మామూలుగా మాట్లాడుకునేంత శబ్దంలో, వెయ్యి హెర్ట్జ్ దగ్గర, గాలి తన చోటు నుంచి జరిగేది మీటరులో వంద కోట్లో వంతుకు ఎనిమిది రెట్లు, అంటే 8 నానోమీటర్లు. వెంట్రుక మందంలో పదివేలో వంతు. పైపు అనునాదంలో ఉన్నప్పుడు ఇది కొన్ని రెట్లు పెరుగుతుంది, అంతే. ఆ తేడాను మన చెవి పట్టేస్తుంది.

ఫ్రీక్వెన్సీ మార్చి చూడండి

700తో ఒకసారి, 900తో ఒకసారి చేయండి. రెండు పొడవుల తేడా 700కు దాదాపు 24.9, 900కు 19.4 సెంటీమీటర్లు రావాలి. గుణించి చూస్తే వేగం మాత్రం అదే. ఏ స్వరమైనా గాలిలో ఒకే వేగంతో పోతుంది. ఊరేగింపు వీధి చివర ఉన్నా సన్నాయి, డోలు కలిసే వినిపిస్తాయంటే కారణం ఇదే. లేకపోతే దూరం పెరిగేకొద్దీ తాళం తప్పేది.

ఓపిక ఉన్నవాళ్లు ఇదే పైపును దాచిపెట్టి ఇంకో కాలంలో మళ్లీ చేయండి. రామగుండంలోనో విజయవాడలోనో మే మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలకు వెళ్తుంది, ఆదిలాబాద్ వైపు డిసెంబరు తెల్లవారుజామున 10కి దిగుతుంది. మొదటిదానికి వేగం 357, రెండోదానికి 337. అదే 800 హెర్ట్జ్‌కు పొడవుల తేడా 22.3 నుంచి 21.1కి పడిపోతుంది. 12 మిల్లీమీటర్లంటే స్కేలు మీద హాయిగా కనిపించే తేడా. బకెట్లో వేడినీళ్లు పోసి ఈ తేడా తెప్పించాలని చూడకండి. పైపులో కింద వేడి, పైన చల్లదనం, పైగా ఆవిరి, దేన్ని కొలిచామో మనకే తెలియదు.

ఆవిరి సంగతి వచ్చింది కాబట్టి, తేమ గాలి పొడి గాలికంటే తేలిక. నీటి అణువు భారం 18, గాలి అణువుల సగటు భారం 29. అందుకే విశాఖలో ఉక్కపోత రోజున శబ్దం ఒకటి రెండు మీటర్లు వేగంగా పోతుంది. బకెట్ ప్రయోగంలో పైపు లోపల ఎలాగూ తడిగాలే ఉంటుంది, కాబట్టి మీ జవాబు 349కి బదులు 351 వస్తే అందులో కొంత దీని వాటా. గాలి పీడనం మాత్రం పట్టించుకోనక్కర్లేదు. తుపాను రోజైనా, మామూలు రోజైనా తేడా లేదు: పీడనం పెరిగితే సాంద్రతా అంతే పెరిగి రెండూ చెల్లుకు చెల్లు.

ఆ అంకెను నలిపితే వచ్చేది

శబ్దం వేగాన్ని కాగితం మీద లెక్కగట్టిన తొలివారిలో ముఖ్యుడు న్యూటన్. 1687లో వచ్చిన ప్రిన్సిపియాలో ఆ లెక్క ఉంది. కొలిచినదానికంటే అది దాదాపు 15 శాతం తక్కువ వచ్చింది. మీ బకెట్ పరిస్థితిలో న్యూటన్ లెక్క వేస్తే 295 రావాలి. మీకు వచ్చింది 349.

తేడా ఎక్కడంటే, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు చేతికి తెలిసిన విషయమే. ఆ వేడి చుట్టూ పాకి పోయేంత టైము ఉంటుందని న్యూటన్ పద్ధతి లెక్క. కానీ 800 హెర్ట్జ్‌లో నొక్కుడుకు, వదులుకు మధ్య ఉన్నది మిల్లీసెకనులో దాదాపు మూడింట రెండు వంతులే. వేడి ఎటూ పోలేదు. వేడెక్కిన గాలి ఇంకాస్త గట్టిగా ఎదురు తోస్తుంది, తరంగం వేగం పుంజుకుంటుంది. ఈ సవరణ చేసింది ఫ్రాన్సుకు చెందిన లాప్లాస్, 1816లో. ఎంత గట్టిగా ఎదురు తోస్తుందో చెప్పే అంకెనే గామా అంటాం.

దాన్ని మీరే తీయండి. వేగం వర్గాన్ని గాలి మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ గాలి ద్రవ్యరాశి) 0.029 కిలోలతో గుణించి, వాయు స్థిరాంకం 8.314తోనూ, కెల్విన్‌లో ఉష్ణోగ్రతతోనూ (30 డిగ్రీలకు 303) భాగించండి. 348.8తో చేస్తే 1.40 వస్తుంది. ఏడు బై అయిదు. ఇద్దరిద్దరుగా జట్టు కట్టిన పరమాణువుల వాయువుకు ఉండాల్సిన విలువ అది. గాలిలో దాదాపు అంతా నైట్రోజన్, ఆక్సిజనే కదా, రెండూ జంటలే. ఒంటరి పరమాణువుల వాయువైతే 1.67 వచ్చేది, ఎందుకంటే ఒంటరి పరమాణువుకు గిరగిరా తిరగడంలో వేడిని దాచుకునే వీలు లేదు.

ఇది పరీక్షలకు మాత్రమే పనికొచ్చే ముచ్చట అనుకోకండి. జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కుంట్ 1866లో అడ్డంగా పెట్టిన గాజు గొట్టంలో సన్నని పొడి చల్లి, శబ్దం పెట్టినప్పుడు ఆ పొడి కుప్పలుగా చేరే చోట్లను కొలిచి వాయువుల్లో శబ్దం వేగం తీశాడు. 1876లో తోటి శాస్త్రవేత్త వార్‌బుర్గ్‌తో కలిసి పాదరసం ఆవిరిలో కొలిస్తే గామా 1.67 వచ్చింది. తర్వాత 1894లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు రేలీ, రామ్సే గాలిలోంచి ఒక కొత్త వాయువును వేరుచేశారు. అది దేనితోనూ కలవదు. రసాయన పరీక్షలకు లొంగని వాయువు అణువులో ఎన్ని పరమాణువులున్నాయో చెప్పేదెలా? దాంట్లో శబ్దం వేగం కొలిచారు. 1.67కి దగ్గరగా వచ్చింది, ఒంటరి పరమాణువే. ఆ వాయువు ఆర్గాన్. 1904లో రేలీకి ఫిజిక్స్‌లో, రామ్సేకి కెమిస్ట్రీలో నోబెల్ వచ్చాయి.

ఇంకో వాయువుతో: కార్బన్ డయాక్సైడ్

ఇందుకు ఆ 15 సెంటీమీటర్ల ముక్క తీయండి. ఒక కొనకు ఎండ్ క్యాప్ బిగించి నిలబెట్టండి. క్యాప్ లోపల కాస్త లోతు మిగులుతుంది కాబట్టి పొడవును లోపలి అడుగు నుంచి మళ్లీ కొలుచుకోండి. ఈసారి పొడవు మారదు, ఫ్రీక్వెన్సీ మారుస్తాం.

ముందు ఉత్త గాలితో. ఫోనును నోటి దగ్గర పట్టుకుని 450 నుంచి మెల్లగా, అయిదేసి హెర్ట్జ్ చొప్పున పెంచుతూ పోండి. లోపలి పొడవు సరిగ్గా 15 ఉంటే, ఎండ్ కరెక్షన్ కలిపి 16.1, 540 హెర్ట్జ్ దగ్గర పైపు పలుకుతుంది. రాసుకోండి.

తర్వాత వాయువు తయారీ. లీటరు ప్లాస్టిక్ బాటిల్లో వంద మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, చెంచా వంటసోడా వేయండి. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అది కాదు. బుసబుసా పొంగేది చాలావరకు కార్బన్ డయాక్సైడే, లీటరుకు పైనే వస్తుంది, మీ పైపుకు కావాల్సింది పావు లీటరు కూడా లేదు. కంత లేని మూత బిగించకండి, బాటిల్ పగులుతుంది. మూతకు కంత చేసి, చేపల తొట్టికి వాడే సన్న ట్యూబు దూర్చి, ఆ ట్యూబు రెండో కొనను పైపు అడుగుదాకా దింపండి. ఈ వాయువు గాలికంటే బరువు కాబట్టి అడుగున చేరి, గాలిని పైకి తోసుకుంటూ నిండుతుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను పైపు నోటి దగ్గరికి, అంచుకు కొంచెం లోపలికి తెండి. ఠప్పున ఆరిపోతే నిండినట్టు. ట్యూబును నెమ్మదిగా బయటికి లాగేయండి.

ఇప్పుడు 350 నుంచి మళ్లీ పెంచుతూ రండి. 540 దాకా పోనక్కర్లేదు, 420, 430 మధ్యలోనే పైపు పలుకుతుంది. అదే పైపు, అదే పొడవు, స్వరం మాత్రం మంద్రంలోకి దిగిపోయింది. నోటి దగ్గర ఊదకండి, మీద వంగి ఊపిరి వదలకండి, వాయువు చెదిరిపోతుంది. ఆలస్యం చేస్తే గాలి కలిసి స్వరం తిరిగి పైకి పాకుతుంది, అప్పుడు మళ్లీ నింపుకోవాలి.

430 వచ్చిందనుకోండి. 4 × 430 × 0.161, సెకనుకు 277 మీటర్లు. కార్బన్ డయాక్సైడ్‌కు గామా 1.29. మోలార్ ద్రవ్యరాశి కావాలంటే గామాను 8.314తో, 303తో గుణించి, వేగం వర్గంతో భాగించాలి. 0.042 కిలోలు, అంటే 42 గ్రాములు. అసలు విలువ 44. మిగిలిన రెండు గ్రాములూ పైపులో ఇంకా మిగిలిపోయిన గాలి పుణ్యం. ఉత్త కార్బన్ డయాక్సైడే ఉంటే 421 దగ్గర పలికేది.

హీలియంతో ఇది ఉల్టా జరుగుతుంది, వేగం గాలికి దాదాపు మూడు రెట్లు. కానీ హీలియం పైకి పోయే వాయువు, పైపును బోర్లించి కింది నుంచి నింపాలి, ఫోనునూ కిందే పట్టుకోవాలి. బెలూన్ల వాడి సిలిండర్ నుంచి నేరుగా నోట్లోకి పీల్చి గొంతు మార్చే సరదాలు మాత్రం వద్దు, ఊపిరితిత్తులు చిరిగి ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. వీడియోల్లో కనిపించే మంటల గొట్టం, అదే పైపుకు వరుసగా కంతలు పెట్టి గ్యాసు వెలిగించి శబ్దంతో మంటలు ఆడించేది, చూడముచ్చటగా ఉంటుంది గానీ వంటింటి సిలిండరుతో ఆ పని తలపెట్టకండి.

జవాబు తేడాగా వస్తే

సగమో, రెట్టింపో వచ్చిందంటే మీరు పట్టుకున్నవి పక్కపక్క అనునాదాలు కావు. ఫోను స్పీకరు వాల్యూమ్ ఎక్కువైనప్పుడు 800తో పాటు 1600, 2400 కూడా సన్నగా వదులుతుంది, వాటికీ పైపు పలుకుతుంది. వాల్యూమ్ తగ్గించి, స్వరం మారకుండా శబ్దం మాత్రమే పెరిగే చోటునే లెక్కలోకి తీసుకోండి.

శబ్దం ఎక్కడా పెరగకపోతే ముందు ఫోను చూడండి. కొన్ని ఫోన్లలో శబ్దం కింది అంచు నుంచీ, పైన చెవి దగ్గరి కంత నుంచీ రెండు చోట్లా వస్తుంది. కింది అంచునే పైపు నోటికి పెట్టి, రెండోదాన్ని వేలితో మూయండి. అప్పటికీ లేకపోతే పైపు కింది అంచు నీళ్లలో మునిగే ఉందో లేదో చూసుకోండి. రెండో పొడవు కోసం ఎత్తుతూ ఎత్తుతూ పైపును నీళ్ల బయటికి లాగేయడం చాలా సులువు, అప్పుడది రెండువైపులా తెరిచిన పైపు, దాని లెక్కే వేరు.